కోటలో చర్చి, పాత రిజిస్టర్లు: నాకు తరచూ ఎదురయ్యే అపోహలు

పాత చర్చి రిజిస్టర్లలో పూర్వీకుల పేర్లు వెతికిపెట్టడం నా పని. ఎక్కువగా మద్రాసు రికార్డులే చూస్తుంటాను. సికింద్రాబాద్ నుంచి అడిగినా, ఆస్ట్రేలియాలో స్థిరపడ్డ ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు అడిగినా, మాట చివరికి చెన్నై సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చి దగ్గరికే వస్తుంది. ఆ చర్చి గురించీ దాని పుస్తకాల గురించీ జనం నమ్మే కొన్ని సంగతులు సరిచేసి రాస్తే నాకూ కొన్ని ఫోన్లు తగ్గుతాయి.

అపోహ: మద్రాసులో మొదటి చర్చి ఇదే.

కాదు. మైలాపూరు వైపు పోర్చుగీసువాళ్లు కట్టిన చర్చిలు దీనికంటే చాలా పాతవి. అంత దూరం ఎందుకు, కోటలోనే 1642 నుంచి కపూచిన్ అనే కాథలిక్ సన్యాసుల సంఘానికి చెందిన ఫ్రెంచి పాదిరి ఎఫ్రాయిమ్ కాథలిక్ ఆరాధన జరిపేవాడు. సెయింట్ మేరీస్ పని 1678 మార్చి 25న మొదలైంది. అది మరియమ్మకు దేవదూత శుభవార్త చెప్పిన పండుగ రోజు. ఆ పేరు అలా వచ్చిందే. గవర్నరు స్ట్రెయిన్‌షమ్ మాస్టర్ చందాలు పోగుచేయించి కట్టించాడు. 1680 అక్టోబర్ 28న ప్రతిష్ఠ జరిగింది. భారతదేశంలో ఆంగ్లికన్ చర్చిల (అంటే ఇంగ్లండు అధికారిక సంఘానివి) వరకు చూస్తే ఇదే అన్నిటికంటే పాతది. ఫిరంగి గుండ్లకు తట్టుకునేలా కమాను కప్పు వేశారు. నమూనా గీసింది కోట ఫిరంగి దళాధికారి ఎడ్వర్డ్ ఫౌల్ అంటారు. ఆ కప్పును చూస్తే ఆ మాట నమ్మబుద్ధేస్తుంది.

వెతికేవాళ్లకు పనికొచ్చే ముక్క ఇది: రిజిస్టర్లు కూడా 1680 నుంచే మొదలవుతాయి. ఇంగ్లీషువాళ్లకు ఈ చోటు దక్కింది 1639లో. మధ్యలో ఉన్న ఆ నలభై ఏళ్ల మనుషుల్ని ఈ పుస్తకాల్లో వెతకడం దండగ. పెళ్లిళ్లలో మొదటిది 1680 నవంబర్ 4న జరిగింది. వరుడు ఎలైహు యేల్, వధువు వితంతువైన కేథరిన్ హిన్మర్స్. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి పేరు వచ్చింది ఈయన వల్లే.

అపోహ: చర్చి చుట్టూ పరిచిన రాళ్ల కింద ఆ పేర్లవాళ్లే ఉన్నారు.

దీని మీద కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే రాయి దగ్గర ఫొటో దిగి 'మా తాతముత్తాత సమాధి' అని పంపేవాళ్లు చాలామంది. మొదటి శ్మశానం కోట బయట, తర్వాతి కాలంలో లా కాలేజీ కట్టిన చోట ఉండేది. 1758 డిసెంబరులో లాలీ నాయకత్వంలో ఫ్రెంచి సైన్యం ముట్టడికి వచ్చినప్పుడు ఆ ఎత్తయిన సమాధుల్ని చాటు చేసుకుంది. ముట్టడి తొలగాక ఇంగ్లీషువాళ్లు వాటిని పడగొట్టించారు. యేల్ కొడుకును పూడ్చిన హిన్మర్స్ స్తంభం, పౌనీ కుటుంబం సమాధి, ఈ రెండింటినే వదిలేశారు. మిగతా పేర్ల పలకల్ని కోటలోకి తెచ్చి చర్చి చుట్టూ నేలమీద పరిచారు. మనుషులు మాత్రం పాత శ్మశానంలోనే ఉండిపోయారు. ఈ రాళ్లలో ఒకటి ఎలిజబెత్ బేకర్‌ది, 1652 నాటిది. 1680లో ప్రతిష్ఠ జరిగిన చర్చి ఆవరణలో 1652 నాటి రాయి ఎలా ఉందని సందేహం వచ్చినవాళ్లకు జవాబు ఇదే. కొన్ని రాళ్ల మీద లాటిన్, పోర్చుగీసు రాతలు కూడా కనిపిస్తాయి.

అలాగని లోపల ఎవరినీ పూడ్చలేదనుకోకండి. మన రాయలసీమవాళ్లకు బాగా తెలిసిన థామస్ మన్రో ఉన్నాడు. 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోతే గుత్తిలో ఖననం చేశారు. 1831లో అవశేషాల్ని సెయింట్ మేరీస్‌కు తెచ్చారు. గుత్తిలో సమాధి చూసినవాళ్లూ, చెన్నైలో చూసినవాళ్లూ వాదించుకోనక్కర్లేదు, ఇద్దరిదీ నిజమే. మీ కుటుంబంలోనూ ఇలాంటిది ఉండొచ్చు. అందుకే రాయి మీద రాతను ఖనన రిజిస్టరుతో పోల్చకుండా నేను ఏదీ ఖాయం చేయను.

అపోహ: ఆ పుస్తకాల్లో ఉన్నవాళ్లంతా తెల్లవాళ్లే.

1687లో ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు లండన్ నుంచి రాసిన ఉత్తరం చూస్తే ఈ మాట నిలవదు. కోటలోని తెల్ల సైనికులు స్థానిక స్త్రీలను పెళ్లాడటం కంపెనీకి మంచిదేనని, అలాంటి పెళ్లికి పుట్టిన బిడ్డకు బాప్తిస్మం ఇచ్చిన రోజు తల్లికి ఒక వరాహ ఇప్పించే ఆలోచన ఉందని అందులో ఉంది. ప్రేమకొద్దీ రాసిన ఉత్తరం కాదులెండి, వాళ్లకు కావాల్సింది కోటకు మనుషులు. కలకత్తాతో పేరు ముడిపడ్డ జాబ్ చార్నాక్ ముగ్గురు కూతుళ్లకు 1689 ఆగస్టు 19న ఇక్కడ బాప్తిస్మం జరిగింది. వాళ్ల తల్లి హిందూ స్త్రీ. తండ్రి పేరు చరిత్రకెక్కింది, ఆమె అసలు పేరు ఏమిటో ఎవరికీ తెలియదు. మన వైపు నుంచి వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఇలాంటి తల్లుల గురించే. చాలాసార్లు దొరికేది బాప్తిస్మప్పుడు పెట్టిన పేరు ఒక్కటే, ఒక్కోసారి అదీ ఉండదు. ఊరు, కులం, పుట్టింటివాళ్లు అసలే దొరకరు. ఇది ముందే చెప్పి పని మొదలుపెడతాను.

పెళ్లి చేసే పాదిరి కూడా ఎప్పుడూ ఆంగ్లికనే అయి ఉండాలనేం లేదు. 1753 ఫిబ్రవరి 18న ఇక్కడ రాబర్ట్ క్లైవ్‌కూ మార్గరెట్ మాస్కెలిన్‌కూ పెళ్లి జరిపించింది లూథరన్ మిషనరీ ఫాబ్రిషియస్.

అపోహ: బాప్తిస్మం తేదీ అంటే పుట్టిన తేదీ.

చార్నాక్ ముగ్గురు కూతుళ్లకూ ఒకే రోజు ఇచ్చారు, వాళ్లేం కవలలు కారు. ఇంతకంటే చెప్పేదేం లేదు.

అపోహ: రిజిస్టరులో ఉన్న సంవత్సరాన్ని అలాగే తీసుకోవచ్చు.

1752కి ముందు రాసిన పేజీలైతే వద్దు. మనకు ఉగాదితో సంవత్సరం మారినట్టు ఇంగ్లీషువాళ్ల లెక్కలో అప్పట్లో మార్చి 25న మారేది. కాబట్టి 1699 ఏప్రిల్‌లో బాప్తిస్మం, 1699 ఫిబ్రవరిలో ఖననం అని ఉంటే రాసినవాడిది తప్పు కాదు, బాప్తిస్మం తర్వాత బిడ్డ పది నెలలు బతికిందని అర్థం. ఆ ఫిబ్రవరి మన లెక్కలో 1700. కొందరు గుమాస్తాలు జనవరి నుంచి మార్చి దాకా రెండు సంవత్సరాలూ గీత పెట్టి రాశారు, వాళ్లకు నమస్కారం. 1752లో సెప్టెంబర్ 2 తర్వాతి రోజు 14. మధ్య తేదీలతో ఏదైనా కనిపిస్తే మళ్లీ చదవండి.

అపోహ: అన్నీ లండన్‌కు పట్టుకుపోయారు.

పట్టుకుపోయినవి నకళ్లు. మద్రాసు నుంచి 1698 మొదలు ఏటేటా కంపెనీకి పంపిన నకళ్లు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఎన్/2 అనే వరుసలో ఉన్నాయి. చందా కట్టి ఫైండ్‌మైపాస్ట్ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. ఫ్యామిలీసెర్చ్‌లో కొన్నిటి సూచికలు ఉచితం. పేరు ఒక్క తీరులో కొట్టి 'లేదు' అని వదిలేయకండి. మూలం చూసి ఒకరు నకలు రాశారు, ఆ నకలు చూసి ఇంకొకరు సూచిక తయారుచేశారు. రెండు చోట్లా అక్షరం మారి ఉండొచ్చు. 19వ శతాబ్దం మధ్య దాకా పెళ్లి నమోదుల్లో తండ్రి పేరు సాధారణంగా ఉండదు, సాక్షుల పేర్లు వదలకుండా రాసుకోండి.

బందరు, విశాఖపట్నం, సికింద్రాబాద్ దండులో జరిగిన ఆంగ్లికన్ పెళ్లిళ్లు, ఖననాలు కూడా మద్రాసు వరుసలోనే వెతకాలి. సికింద్రాబాద్ నిజాం రాజ్యంలో ఉన్నా అక్కడి దండులో చాప్లిన్లు (దండు పాదిరులు) మద్రాసువాళ్లే. అయితే ఆ నకళ్లు ప్రధానంగా యూరోపియన్లవీ, ఆంగ్లో ఇండియన్లవీ. మిషనరీల చేతుల మీదుగా బాప్తిస్మం తీసుకున్న తెలుగు కుటుంబాలైతే, ఉదాహరణకు 1841లో చర్చి మిషనరీ సొసైటీ పని మొదలుపెట్టిన బందరు ప్రాంతంవాళ్లు, లండన్ వైపు చూడకుండా ముందు సొంత ఊరి చర్చి బీరువా తెరిపించాలి. చెదలు పట్టకుండా ఉంటే అదృష్టం.

అపోహ: బలిపీఠం వెనక ఉన్న 'చివరి రాత్రి భోజనం' చిత్రం రాఫెల్ గీసినదే.

ఎవరు గీశారో తెలియదు. 1761లో పుదుచ్చేరి పడిపోయాక అక్కడి నుంచి తెచ్చారని చెబుతారు. రాఫెల్ శైలి అనేవరకు అనుకోవచ్చు.

అపోహ: అది ఆంగ్లికన్ చర్చి కాబట్టి సీఎస్ఐ వాళ్ల దగ్గర పాత కాగితాలు ఉండవు.

1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడింది. ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు అందులో కలిశాయి. సెయింట్ మేరీస్ అప్పటి నుంచీ సీఎస్ఐదే. 1930లో జరిగిన పెళ్లికి కాగితం కావాలన్నా అడగాల్సింది ఆ చర్చి పాస్టరేట్ ఆఫీసునే. ఉత్తరంలో ఇద్దరి పేర్లు, తెలిసినన్ని స్పెల్లింగులు, ఐదేళ్లకు మించని కాలం రాయండి. స్వయంగా వెళ్తే గుర్తింపు కార్డు పట్టుకెళ్లండి. కోటలో సచివాలయం, సైన్యం ఆఫీసులు ఉన్నాయి, గేటు దగ్గర తనిఖీ తప్పదు.