గుంట నిద్రపోయాక బయల్దేరే బస్సు

సంక్రాంతి వెళ్లిన నాలుగైదు రోజులు పలాస స్టేషన్‌లోనూ శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్‌లోనూ కాలు పెట్టే చోటుండదు. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు వెళ్లేవాళ్ల సంచుల్లో అరిసెల డబ్బాలు, కొబ్బరికాయలు, జీడిపప్పు పొట్లాలు. అంత రద్దీలోనూ ఒక వెలితి కనిపిస్తుంది. వయసులో ఉన్న మొగుడూ పెళ్లాలు ఎందరో ఉంటారు, చంకన పిల్లలు మాత్రం తక్కువ. ఆ వేళకి పిల్లలు ఊళ్లో నిద్రపోతుంటారు.

వజ్రపుకొత్తూరు వైపు మాకు తెలిసిన ఒక ఇంట్లో ఆ నిద్రపుచ్చడం చూశాను. మూడేళ్ల గుంట. ఈ వైపు ఆడపిల్లని అలాగే అంటారు. బస్సు రాత్రి పదింటికి. తల్లి ఎనిమిదింటికే పక్కన పడుకుంది. పిల్ల గుప్పిట్లో తల్లి చెంగు. బాగా నిద్రపట్టిందని నమ్మకం కుదిరాక ఒక్కో వేలూ విప్పి చెంగు లాక్కుని, ఆ గుప్పిట్లో మామ్మ పాత చీర కొంగు పెట్టింది. చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మం దాటింది. వీధి చివర ఆటో ఎక్కేటప్పుడు గానీ వాటిని వేసుకోలేదు. "సెప్పి ఎల్తే ఒగ్గదు బాబూ. పడుకున్నప్పుడు ఎల్లిపోతే దానికీ సుకం, మాకూ సుకం" అంది మామ్మ, జీడిపిక్కలు కొట్టి కొట్టి నల్లబడిన వేళ్లతో పిల్ల నుదురు నిమురుతూ.

అది నిజంగా పిల్లకి సుఖమేనా, పెద్దయ్యాక దాని జాడ ఏమైనా మిగులుతుందా అని గత ఎనభై ఏళ్లలో ప్రపంచమంతా చాలా పరిశోధన జరిగింది. ఈ తీరంలో అయితే వెళ్లిపోవడం అంతకన్నా పాత అలవాటు.

కళింగపట్నం, బారువ, భీమునిపట్నం రేవుల నుంచి రంగూన్‌కి స్టీమర్లు నడిచిన కాలం ఉంది. ఇక్కడివాళ్లకి అది రంగం. రైసు మిల్లుల్లో, ఓడరేవులో కూలికి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు. ఆలుబిడ్డలు ఊళ్లోనే. 1942లో జపాన్ సైన్యం బర్మాలోకి వచ్చినప్పుడు వేలమంది అడవిదారులు పట్టి నడిచి వచ్చారు. మిగిలినవాళ్లలో చాలామంది 1964లో అక్కడి సైనిక ప్రభుత్వం దుకాణాలూ వ్యాపారాలూ స్వాధీనం చేసుకున్నాక ఓడలెక్కి తిరిగొచ్చారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అన్న పేరు అలా మిగిలిపోయింది. రంగం దారి మూసుకున్నా వలస ఆగలేదు, ఊళ్ల పేర్లు మారాయంతే. 2011 జనాభా లెక్కల్లో ప్రతి వెయ్యిమంది మగవాళ్లకి శ్రీకాకుళం జిల్లాలో 1,015 మంది, విజయనగరం జిల్లాలో 1,019 మంది ఆడవాళ్లున్నారు. ఆ తేడాలో కొంత బయటికి వెళ్లిన మగవాళ్లదే.

సముద్రం పక్క ఊళ్లలో ఇది ఇంకా తెలుస్తుంది. ఎచ్చెర్ల నుంచి పూసపాటిరేగ దాకా మత్స్యకారులు ఏటా గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీద పనికి వెళ్లి, నెలల తరబడి అక్కడే ఉంటారు. 2018 చివర్లో ఈ రెండు జిల్లాల మత్స్యకారులు కొందరు పాకిస్తాన్‌వాళ్లకి చిక్కి, 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి వచ్చారు. ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉన్నారని పేపర్లన్నీ రాశాయి. ఆ వ్యవధిలో నడక, మాట నేర్చుకున్న పిల్లల గురించి పెద్దగా ఎవరూ రాయలేదు.

తండ్రి వెళ్లడం పాత కథ. కూలికి మొగుడూ పెళ్లాం జంటగా వెళ్లడం ఇటీవలి దశాబ్దాల్లో ఎక్కువైంది. బిల్డింగ్ పనుల దగ్గర జంటకైతే రెండు కూలీలు వస్తాయి. అక్కడి రేకుల షెడ్డులో చంటిపిల్లని ఉంచుకునే వీలుండదు. దాంతో పిల్ల మామ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో మిగిలిపోతుంది.

దీని గురించిన శాస్త్రం మొదలైంది లండన్‌లో, అదీ డబ్బున్న ఇంట్లో. జాన్ బౌల్బీ 1907లో పుట్టాడు. వాళ్ల తరగతిలో పిల్లల్ని ఆయాలు పెంచేవారు, తల్లి రోజుకో గంట కనబడేది. బాగా దగ్గరైన ఆయా అతనికి సుమారు నాలుగేళ్లప్పుడు పని మానేసి వెళ్లిపోయింది. ఆ తర్వాత బోర్డింగ్ స్కూలు. మానసిక వైద్యుడయ్యాక 1944లో, దొంగతనాలు చేసిన 44 మంది పిల్లల గురించి ఒక వ్యాసం రాశాడు. వాళ్లలో మనసు మొద్దుబారినట్టున్న పిల్లల్లో ఎక్కువమంది పసితనంలో తల్లికి చాలాకాలం దూరంగా ఉన్నవాళ్లేనని అందులో చూపించాడు. 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం రాసిన నివేదికతో అతని పేరు మారుమోగింది. అంతకు ఇరవై ఏళ్ల ముందు అమెరికాలో పెద్ద పేరున్న నిపుణులు పిల్లల్ని ముద్దు చేయొద్దు, పొద్దున్నే షేక్‌హ్యాండ్ ఇస్తే చాలు అని పుస్తకాలు రాసేవారు. మన మామ్మలు వింటే ఏమనేవారో ఊహించుకోవచ్చు.

నా వరకు ఈ చరిత్రలో అసలు మలుపు బౌల్బీ పుస్తకాలు కాదు, అతని దగ్గర పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో తీసిన చిన్న సినిమా. అప్పట్లో ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో పిల్లల్ని చేర్పించాక తల్లిదండ్రుల్ని సరిగా రానిచ్చేవారు కాదు. తల్లి వచ్చి వెళ్తే పిల్లలు ఏడుస్తారు, రాకపోతే బుద్ధిగా ఉంటారు అన్నది నర్సుల అనుభవం. రాబర్ట్‌సన్ రెండేళ్ల అయిదు నెలల లారా అనే పాపని ఎంచుకున్నాడు. బొడ్డు దగ్గర చిన్న ఆపరేషన్, ఎనిమిది రోజులు ఆసుపత్రిలో. తనకి కావాల్సిన ఏడుపులే ఏరుకున్నాడని ఎవరూ అనకుండా, రోజూ ఒకే వేళకి, గోడ గడియారం కనబడేలా తీశాడు. లారా గోల చేసే పిల్ల కాదు. 'అమ్మ ఏది' అని మెల్లగా అడుగుతుంది, మొహం బిగబట్టుకుంటుంది, బొమ్మని గట్టిగా పట్టుకుంటుంది. ఎనిమిదో రోజు తల్లితో ఇంటికి వెళ్తూ, తల్లి చెయ్యి అందిస్తే పట్టుకోదు.

డాక్టర్లకి మొదట ఈ సినిమా చూసి కోపం వచ్చింది. ఏడేళ్ల తర్వాత, 1959లో, తల్లిదండ్రుల్ని ఆసుపత్రుల్లోకి రానివ్వాలని అక్కడి ప్రభుత్వ కమిటీయే సిఫార్సు చేసింది. విడిపోయిన పిల్లల్లో రాబర్ట్‌సన్ మూడు దశలు చూశాడు. ముందు ఏడ్చి గొడవ చేస్తారు, తర్వాత నీరసించి దిగులుపడతారు, ఆ తర్వాత పట్టించుకోవడం మానేస్తారు. పెద్దవాళ్లు 'అలవాటు పడిపోయింది' అని ఊపిరి పీల్చుకునేది మూడో దశలోనే. అసలు చూసుకోవాల్సింది కూడా ఆ దశనే.

మర్నాడు పొద్దున్న నేను మళ్లీ ఆ ఇంటికి వెళ్లాను. గుంట లేచి గుమ్మం వైపు చూసింది, చేతిలో కొంగు చూసుకుంది. ఏమీ అడగలేదు. "సూసారా, ఏడవనేదు" అంది మామ్మ గొప్పగా. భోగి ముందురోజు తల్లి వచ్చినప్పుడు రెండు రోజుల పాటు ఆమె దగ్గరే కొత్త చేసిందట. అది విన్నప్పటి నుంచి నాకు లారా చెయ్యే గుర్తొస్తోంది.

అయితే బౌల్బీ తొలి రాతల్ని ఉన్నవున్నట్టు ఇక్కడికి తెచ్చుకుంటే పొరపాటు. వాటిలో తల్లి తప్ప ఎవరూ లేరు. తల్లి పనికి వెళ్తే పిల్ల చెడిపోతుందని అనడానికి వాటిని ఎంతమంది వాడుకున్నారో లెక్కలేదు. ఆ చట్రాన్ని కదిలించిన మనిషి మేరీ ఐన్స్‌వర్త్. భర్తకి కంపాలాలో ఉద్యోగం రావడంతో 1954లో ఉగాండా వెళ్లి, చుట్టుపక్కల ఊళ్లలో 26 కుటుంబాల్ని నెలల తరబడి గమనించింది. అక్కడి గాండా జనంలో పాలు మాన్పించేటప్పుడు పిల్లని అవ్వ దగ్గరికి పంపే ఆచారం ఉండేది. దాన్ని చూద్దామనే ఆమె అనుకుంది, కానీ అప్పటికే అది చాలావరకు తగ్గిపోయింది. మన దగ్గరా అంతేగా. వేపాకు నూరి రాయడం, అదీ పనిచేయకపోతే నాలుగు రోజులు అమ్మమ్మగారింట్లో ఉంచడం. ఉగాండా ఇళ్లలో పిల్లని ఎత్తుకునే చేతులు చాలా ఉండేవి. పిల్ల నిశ్చింతగా ఉందా లేదా అన్నది ఎంతమంది ఎత్తుకున్నారన్న దాన్ని బట్టి తేలలేదు. పిల్ల ఏడుపునీ చూపునీ అర్థం చేసుకుని పలికే మనిషి ఉందా అన్నదే ముఖ్యమైంది.

ఆమె తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లో ఒక గది పరీక్ష తయారుచేసింది. ఇరవై నిమిషాల పరీక్ష అది. తల్లి బయటికి వెళ్తుంది, కొత్త మనిషి వస్తుంది, తల్లి తిరిగొస్తుంది. తల్లి వెళ్లినప్పుడు పిల్ల ఎంత ఏడ్చిందన్నది కాదు, తిరిగొచ్చాక ఏం చేసిందన్నదే అసలు చూసేది. పొద్దున్నుంచి రాత్రి దాకా వాకిట్లో పదిమంది తిరిగే పల్లెటూరి ఇంట్లో కొత్త మనిషి అనేవాణ్ణి ఎక్కడ వెతకాలో నాకు తెలియదు. అయినా తిరిగొచ్చాక చూడాలన్న ఆ సూత్రం మాత్రం భోగి రోజు ఆ ఇంటికి అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

1972లో మైకేల్ రటర్ అనే వైద్యుడు బౌల్బీ వాదాన్ని విడదీసి చూశాడు. ఉన్న బంధం తెగడం వేరు, అసలు ఏ బంధమూ ఏర్పడకపోవడం వేరు అన్నాడు. రెండోది ఎంత భయంకరంగా ఉంటుందో 1989లో నియంత చౌషెస్కూ కూలిపోయాక రుమేనియా అనాథాశ్రమాల్లో ప్రపంచం చూసింది. బుకారెస్ట్‌లో 136 మంది పసిపిల్లల మీద జరిగిన అధ్యయనంలో, సుమారు రెండేళ్లు నిండకముందే పెంపుడు కుటుంబాల్లోకి వెళ్లినవాళ్లు బాగా తేరుకున్నారు. మన పిల్లల సంగతి దాంతో పోల్చేది కాదు. ఇక్కడ మామ్మ ఉంది. తెలుగులో ఒక మంచి మాట ఉంది: 'పిల్ల మామ్మకి మరిగింది' అంటాం. ఆ మాటలో కన్న వరస లేదు, ఎవరు దగ్గరుంటే పిల్ల వాళ్లకే మరుగుతుంది. చిక్కంతా ఆ తర్వాతే. మూడేళ్లు మామ్మకి మరిగిన పిల్లని స్కూలు వయసు వచ్చిందని హైదరాబాద్ తీసుకెళ్తారు. అక్కడ అద్దె కట్టలేక మళ్లీ ఊరికి పంపుతారు, మామ్మకి ఒంట్లో బాగోకపోతే చిన్నాన్న ఇంట్లోనో హాస్టల్లోనో ఉంచుతారు. తల్లి ఒక్కసారి దూరమవడం కన్నా ఇలా చేతులు మారుతూ పోవడమే పిల్లకి ఎక్కువ దెబ్బ అని నా అభిప్రాయం.

పెద్దయ్యాక ఏమవుతుందన్న లెక్కలు చాలావరకు అమెరికావి. హార్వర్డ్‌లో 1938లో మొదలైన అధ్యయనం నుంచి 81 మంది మగవాళ్ల జీవితాల్ని 2016లో తిరగేశారు. చిన్నప్పుడు ఇల్లు ఆప్యాయంగా ఉన్నవాళ్లు ఎనభై ఏళ్లు దగ్గరపడ్డాక కూడా భార్య మీద భరోసాతో ఆనుకోగలుగుతున్నారని తేలింది. సంబంధం నిజమే, పెద్దదేం కాదు. శాన్ డియేగోలో 1998లో వచ్చిన మరో అధ్యయనం చిన్ననాటి హింస, నిరాదరణ, ఇంట్లో తాగుడు లాంటి కష్టాల్ని లెక్కపెట్టింది. నాలుగూ అంతకన్నా ఎక్కువా ఉన్నవాళ్లకి మద్యం వ్యసనం, డిప్రెషన్ లాంటివి కొన్ని రెట్లు ఎక్కువ. గుండె జబ్బులూ ఎక్కువే. అదంతా వేలమందిని కలిపి చూసిన లెక్క. ఒక్క మనిషి నుదుటి రాతని దాంతో చదవలేం. హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మందిని దశాబ్దాలు వెంబడించి చూస్తే, బాగా కష్టాల్లో పెరిగినవాళ్లలోనూ మూడో వంతు మంది నిలదొక్కుకున్నారు. వాళ్ల వెనక తరచుగా కనబడింది నాయనమ్మో, పిన్నో, టీచరో, ఎవరో ఒక మనిషి.

వలస వెళ్లిన తల్లిదండ్రుల పిల్లల గురించి 2018లో 111 అధ్యయనాల్ని కలిపి చూశారు. ఎక్కువ భాగం చైనావి. వెనక మిగిలిన పిల్లల్లో దిగులు, టెన్షన్, పోషకాహార లోపం ఎక్కువని తేలింది. పంపే డబ్బు వల్ల ఈ లోటు పూడినట్టు కనబడలేదు.

చట్టాల సంగతి క్లుప్తంగానే చెప్పొచ్చు. 2017 సవరణతో వచ్చిన 26 వారాల ప్రసూతి సెలవు అపార్ట్‌మెంట్ సైటులో ఇటుకలు మోసే మనిషికి అందదు. 2005 ఉపాధి హామీ చట్టంలో ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురుంటే వాళ్లని చూసుకోవడానికి పనిచోట ఒక మనిషిని పెట్టాలని రాశారు. చెట్టుకి కట్టిన చీర ఉయ్యాల పక్కన అక్కగుంట తప్ప ఇంకెవరూ ఉండని పనిచోట్లు నేను చూశాను. అంగన్వాడీ మూడేళ్లు దాటినవాళ్లనే కూర్చోబెట్టుకుంటుంది. అంతకన్నా చిన్నవాళ్లకి ఇంటికి సరుకులిస్తుంది. పిల్ల మనిషికి మరిగేది సరిగ్గా ఆ ఖాళీ ఏళ్లలోనే.

మొన్న ఇంకోసారి ఆ మామ్మతో కూర్చున్నాను. అరవై అయిదేళ్లు. ఆవిడ కడుపులో ఉండగానే తండ్రి రంగం వెళ్లిపోయాడు, 1964లో ఓడ దిగి ఇంటికొచ్చేసరికి ఆవిడకి నాలుగేళ్లు. "ఎవులో పెద్దమనిసి వొచ్చినాడనుకుని గుంజ ఎనకాల దాక్కున్నాను" అంది. ఆ తర్వాత ఆయన ఎక్కడికీ వెళ్లలేదు, ఇరవై ఏళ్లకు పైగా అదే ఇంట్లో ఉన్నాడు. మంచాన పడితే ఈవిడే వచ్చి అన్నీ చేసింది.

ఏమని పిలిచేదానివి అని అడిగాను.

జీడిపిక్క కొట్టడం ఆపలేదు. "పిలవనేదు. అన్నం ఎట్టీసి, ఎదురుగా నిలబడీదాన్ని. అయ్యా అనడానికి నోరు రానేదు."