రాయిలో వెలుగు ఎంత నెమ్మదిస్తుంది?

పత్తికొండ

చిరంజీవులైన పిల్లలకు జేజి ఆశీస్సులు.

తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో జనం మళ్లీ రాళ్లు వెతకడం మొదలుపెట్టారు. మీరూ పోయి జేబుల నిండా తెల్ల రాళ్లు తెచ్చుకున్నారట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "ఇందులో వజ్రం ఉందో లేదో ఎట్లా తెలుస్తుంది జేజీ?" అని అడిగారు కదా, ఆ ప్రశ్న నాకు చాలా నచ్చింది. జవాబులో సగం మీ పదో తరగతి పుస్తకంలోనే ఉంది, వక్రీభవనం పాఠంలో. ఒక పదార్థం నుంచి ఇంకోదానిలోకి పోయేటప్పుడు వెలుగు వంగడమే వక్రీభవనం.

వెలుగు శూన్యంలో సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. నీళ్లలో ఆ వేగం 2 లక్షల 25 వేలకు పడిపోతుంది. మామూలు గాజులో 2 లక్షలు, వజ్రంలో 1 లక్షా 24 వేలు మాత్రమే. శూన్యంలో ఉండే వేగాన్ని ఆ పదార్థంలో ఉండే వేగంతో భాగిస్తే వచ్చేదే వక్రీభవన గుణకం. నీటికి 1.33, గాజుకు దాదాపు 1.5, మీరు తెచ్చుకున్న పలుగురాళ్లకు 1.54, వజ్రానికి 2.42. వేగాన్ని వేగంతోనే భాగించాం కాబట్టి దీనికి ప్రమాణాలు ఉండవు.

వేగం తగ్గితే కిరణం ఎందుకు వంగాలి? తారు రోడ్డు మీద పోయే ఎద్దులబండి ఏటవాలుగా తడి రేగడి చేనులోకి దిగిందనుకోండి. ముందు దిగిన చక్రం నెమ్మదిస్తుంది, రోడ్డు మీదున్న చక్రం అదే ఊపులో పోతుంది, బండి తిరుగుతుంది. తిన్నగా దిగితే రెండు చక్రాలూ ఒకేసారి నెమ్మదిస్తాయి, బండి తిరగదు. లంబంగా పడిన కిరణం వంగకపోవడానికీ కారణం ఇదే.

వంపుకు లెక్క ఉందని పర్షియా గణితజ్ఞుడు ఇబ్న్ సహ్ల్ 984 ప్రాంతంలోనే రాశాడు. 1621లో నెదర్లాండ్స్‌కు చెందిన స్నెల్ దాన్ని మళ్లీ కనుక్కున్నాడు. కిరణం తాకిన చోట తలానికి నిటారుగా గీసిన గీత లంబరేఖ. దానితో బయటి కిరణం చేసేది పతన కోణం, లోపలి కిరణం చేసేది వక్రీభవన కోణం. పతన కోణం సైన్‌ను (లంబకోణ త్రిభుజంలో కోణానికి ఎదురు భుజాన్ని కర్ణంతో భాగిస్తే వచ్చేది) వక్రీభవన కోణం సైన్‌తో భాగిస్తే, కోణం ఎంత మార్చినా అదే సంఖ్య వస్తుంది. ఇది బట్టీ పట్టి వదిలేసే సూత్రం కాదు, మీ చేతులతో చేసి చూడాల్సింది.

బడిలో గాజు దిమ్మె, గుండుసూదులు అడిగి తీసుకోండి. తెల్ల కాగితం మీద దిమ్మె పెట్టి చుట్టూ గీత గీయండి. ఒక వైపు రెండు సూదులు గుచ్చండి. అవతలి వైపు నుంచి దిమ్మెలోకి చూస్తూ, నాలుగు సూదులూ ఒకే వరుసలో కనిపించేటట్టు మరో రెండు గుచ్చండి. దిమ్మె తీసేసి, ఇటు రెండు సూదుల గుర్తుల మీదుగా, అటు రెండింటి మీదుగా దిమ్మె అంచు దాకా గీతలు గీయండి. అవి అంచును తాకిన చోట్లే కిరణం లోపలికి పోయిన చోటు, బయటికి వచ్చిన చోటు, ఆ రెండింటినీ కలపండి. లోపలి దారి అదే.

సైన్ పట్టిక లేకపోయినా ఫర్వాలేదు. కిరణం లోపలికి పోయిన బిందువు కేంద్రంగా 10 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీయండి. రెండు కిరణాలనూ ఆ వృత్తం దాకా పొడిగించి, అక్కడి నుంచి లంబరేఖకు ఉన్న దూరాలు కొలవండి. పతన కోణం 60 డిగ్రీలైతే బయటి కిరణానికి సుమారు 8.7, లోపలి కిరణానికి 5.8 సెంటీమీటర్లు వస్తాయి. భాగించండి, 1.5, అదే గాజు గుణకం. స్కేలు పట్టుకోవడం వచ్చినవాళ్లకు ఇంతకంటే కష్టం లేదు. చిన్న కోణాలతో మాత్రం చేయొద్దు. 10 డిగ్రీల దగ్గర కొలిచే పొడవులు 2 సెంటీమీటర్లు కూడా ఉండవు, ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా లెక్క పాడైపోతుంది.

నీళ్ల గుణకం మీకు ప్రాణానికి పనికొచ్చే విషయం. పైనుంచి నిటారుగా చూస్తే 12 అడుగుల నీళ్లు 9 అడుగుల్లాగే కనబడతాయి, 12ను 1.33తో భాగించి చూడండి. గట్టు మీద నిలబడి పక్కగా చూస్తే ఇంకా తక్కువగా అనిపిస్తాయి. ఎండాకాలం ఈతకు పోయే పిల్లలు బావి లోతు కంటితో అంచనా వేయకూడదు. ఈ మాట నేను ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

ఇంకో సంగతి. బరువైన పదార్థమే వెలుగును ఎక్కువగా వంచుతుందని చాలామంది అనుకుంటారు. శెనక్కాయ నూనె నీళ్ల మీద తేలుతుంది కదా, అయినా దాని గుణకం 1.47, నీటి కంటే ఎక్కువ. తేలడం, మునగడం సాంద్రత లెక్క. ఇది వేరే లెక్క.

ఆ నూనే ఇప్పుడు మీ రాళ్లకు పనికొస్తుంది. పారదర్శకంగా ఉన్న రాయిని శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, గాజు గ్లాసులో నూనె పోసి అందులో వేయండి. గుణకాలు దగ్గరగా ఉంటే వెలుగు పెద్దగా వంగదు, రాయి అంచులు మసకబారి దాదాపు మాయమవుతాయి. గాజు ముక్కా, పలుగురాయీ అట్లాగే చేస్తాయి. వజ్రానిది 2.42 కాబట్టి అంచులు స్పష్టంగా నిలబడతాయి. అయితే అంచులు నిలబడినంత మాత్రాన వజ్రం కాదు. తెల్ల నీలం (రంగులేని సఫైర్ రాయి) 1.77, జిర్కాన్ అనే రాయి 1.9 పైన, కృత్రిమంగా చేసే మొయిసనైట్ 2.65. ఈ పరీక్ష "కాదు" అని చెప్పగలదు, "అవును" అని చెప్పలేదు. రాళ్ల దుకాణాల్లో గుణకం కొలవడానికి వాడే మామూలు రిఫ్రాక్టోమీటర్ కూడా 1.81 దాకానే చూపిస్తుంది. అందుకే వజ్రాన్ని వేడి ఎంత త్వరగా లాగేస్తుందో చూసే పరికరంతో పరీక్షిస్తారు.

మెరుపును నమ్ముకోవద్దు. మట్టిలో దొరికే ముడి వజ్రం నగలో ఉన్నట్టు మెరవదు. వజ్రం లోపలి నుంచి వచ్చే కిరణం లంబరేఖతో సుమారు 24 డిగ్రీలు దాటి వంగి ఉంటే బయటికి రాలేదు, లోపలికే తిరిగిపోతుంది. ఈ హద్దునే సందిగ్ధ కోణం అంటారు, గాజుకు అది 42 డిగ్రీలు. సానపట్టేవాళ్లు ఈ 24ను లెక్కలో పెట్టుకుని ముఖాలు కోస్తారు కాబట్టి పైనుంచి పడిన వెలుగు మళ్లీ పైకే వస్తుంది.

గాజు దిమ్మె లెక్క చేసి, 30, 45, 60 డిగ్రీల దగ్గర వచ్చిన మూడు సంఖ్యలూ నాకు రాసి పంపండి. మూడూ సరిగ్గా ఒకటే రాకపోతే దిద్దొద్దు. వచ్చింది వచ్చినట్టు రాయండి, తేడా ఎక్కడ వచ్చిందో అందరం కూర్చుని చూద్దాం.

మీ జేజి