పాకం పదును, మామిడి ధర: మనసు మాటను ఎక్కడ నమ్మాలి?

చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో బెల్లం కాచేటప్పుడు పెనం దగ్గర నిలబడే పెద్దమనిషి చేతిలో థర్మామీటరు ఉండదు. మడ్డి తీసేసిన చెరకు రసం చిక్కబడి, బుడగలు బరువుగా పగలడం మొదలుపెట్టాక, ఆయన కాస్త పాకాన్ని చన్నీళ్ళలో వేసి, వేళ్ళతో ఉండ చుట్టి చూసి, పెనం దించమంటాడు. అప్పటికి పాకం వేడి 118 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటుంది. తొందరపడితే బెల్లం గట్టిపడదు, ఆలస్యమైతే మాడుతుంది. ఇదంతా ఎలా తెలుసని అడిగితే, చూస్తే తెలిసిపోతుందని తప్ప ఆయన మరో కారణం చెప్పలేడు.

కారణం చెప్పలేకపోయినంత మాత్రాన అది గుడ్డి ఊహ కాదు. 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన హెర్బర్ట్ సైమన్ దృష్టిలో అంతఃప్రేరణ అంటే గుర్తుపట్టడమే. ఎదుటి పరిస్థితిలోని ఏదో ఒక ఆనవాలు జ్ఞాపకంలో దాగిన అనుభవాన్ని తట్టిలేపితే, ఆ అనుభవం జవాబును అందిస్తుంది. చదరంగంపై విలియం చేజ్‌తో కలిసి ఆయన 1973లో ప్రచురించిన పరిశోధన దీనికి మంచి ఆధారం. నిజమైన ఆటలోని బల్లను కొన్ని సెకన్లు చూపిస్తే ఆరితేరిన ఆటగాడు కొత్తవారికన్నా ఎన్నో ఎక్కువ పావులను సరైన చోట్ల తిరిగి పేర్చగలిగాడు; అవే పావులను అడ్డదిడ్డంగా పేర్చి చూపిస్తే అతని ఆధిక్యం చాలావరకు మాయమైంది.

ఈ గుర్తింపు ఒంట్లోనూ కదలిక తెస్తుంది. నాడీశాస్త్రవేత్త ఆంటోనియో డమాసియో బృందం 1997లో అమెరికాలోని అయోవాలో నాలుగు పేక కట్టలతో చేసిన ప్రయోగాన్ని వెల్లడించింది. నష్టం తెచ్చే కట్ట వైపు చెయ్యి చాపబోయే ముందు, అది చెడ్డదని నోటితో చెప్పగలిగే దశకు రాకముందే, ఆడేవారి చర్మంలో చెమట స్పందన పెరిగింది. అయితే ప్రశ్నలు మరింత నిశితంగా అడిగితే ఆడేవారికి అప్పటికే చాలా తెలుసని 2004లో మరో పరిశోధన చూపింది. అందువల్ల ‘మెదడుకన్నా ముందు కడుపుకే తెలుస్తుంది’ అనే ప్రచారాన్ని నేను అంగీకరించను. పేగుల గోడల్లో కోట్ల సంఖ్యలో నాడీకణాలు ఉన్న మాట నిజమే, వేగస్ నాడిలోని తంతువుల్లో అధికభాగం లోపలి అవయవాల నుంచి మెదడుకు కబురు మోసేవే అన్నదీ నిజమే. కానీ ఇల్లు కొనాలా వద్దా అని తేల్చేది పేగులు కావు.

మరి ఏ ప్రేరణను నమ్మాలి? అంతఃప్రేరణను అనుమానించే మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్, దాన్ని మెచ్చుకునే మరో మనస్తత్వవేత్త గ్యారీ క్లైన్ కలిసి 2009లో రాసిన పత్రంలో రెండు షరతులు తేల్చారు: పరిసరాలకు ఒక స్థిరమైన క్రమం ఉండాలి, ఆ క్రమాన్ని నేర్చుకునేంత సాధన, ఫలితం వెంటనే తెలిసే వీలు మనిషికి దొరకాలి. బెల్లం పెనానికి ఈ రెండూ ఉన్నాయి. తోతాపురి మామిడి ధరకు లేవు. దశాబ్దాలుగా తోట సాగుచేస్తున్న రైతుకు కాయ పక్వత చూడగానే తెలుస్తుంది, కానీ జూన్‌లో గుజ్జు పరిశ్రమలు ఎంత ధర ఇస్తాయన్నది నిరుటి నిల్వలపైనా, విదేశీ గిరాకీపైనా ఆధారపడుతుంది. 2025లో ధర కుప్పకూలి, ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు ప్రకటించి అందులో 4 రూపాయలు తానే భరించాల్సి వచ్చింది. రెండు విషయాల్లోనూ మనసు ఒకే నమ్మకంతో మాట్లాడుతుంది, అసలు ప్రమాదం అక్కడే ఉంది.

పిల్లల జబ్బు విషయంలో ఈ ప్రేరణకు దక్కాల్సినంత గౌరవం దక్కడం లేదని నా అభిప్రాయం. బెల్జియంలో 3,890 మంది పిల్లలపై జరిగి 2012లో వెలువడిన అధ్యయనంలో, పరీక్షలో పెద్దగా ఏమీ కనిపించకపోయినా ‘ఏదో తేడాగా ఉంది’ అని వైద్యులకు అనిపించిన సందర్భాల్లో తీవ్రమైన ఇన్ఫెక్షన్ ఉండే అవకాశం ఎక్కువని తేలింది. వైద్యులకు అలా అనిపించడంతో గట్టిగా ముడిపడిన అంశాల్లో ఒకటి, ఈ జబ్బు మునుపటిలా లేదన్న తల్లిదండ్రుల ఆందోళన. తిరుపతిలో పిల్లల డాక్టరు ఎదుట కూర్చుని ‘ఎందుకో ఈసారి జ్వరం ఎప్పటిలా లేదు సార్’ అనడానికి సంకోచించే తల్లి ఆ మాట తప్పక అనాలి. ఆ బిడ్డను రోజూ చూస్తున్నది ఆమే.

కొత్త మనిషిని చూడగానే కలిగే అయిష్టం మాత్రం వేరు. యాస, ఊరు, బట్టలు చూసి మనసు ఇచ్చే తీర్పులో అనుభవం కన్నా పెంపకంలో అబ్బిన దురభిప్రాయమే ఎక్కువగా ఉండవచ్చు. పైగా మనం దూరం పెట్టిన మనిషి మంచివాడని తెలిసే అవకాశమే రాదు కనుక ఆ తప్పు ఎన్నటికీ దిద్దుబాటు కాదు.

1950ల మధ్యలో ఇజ్రాయెల్ సైన్యంలో ఎంపిక పద్ధతి రూపొందించిన కానెమన్, ఇంటర్వ్యూ చేసేవారిని ముందు ఆరు లక్షణాలకు విడివిడిగా మార్కులు వేయమని, ఆ తర్వాతే కళ్ళు మూసుకుని మొత్తంమీద తమకు తోచిన మార్కు వేయమని కోరాడు. ఆ చివరి మార్కు కూడా ఆరింటి మొత్తంలాగే బాగా పనిచేసింది. తిరుపతిలో అద్దెకు ఇల్లు వెతికేవారికీ ఈ వరుస పనికొస్తుంది: మే నెలలో నీళ్ళు ఎలా వస్తాయి, గాలి వెలుతురు ఎంత, బడి ఎంత దూరం, అడ్వాన్సు ఎంత అన్నవి ఒక్కొక్కటిగా రాసుకున్నాక, ఆ కాగితం పక్కన పెట్టి, ఈ ఇంట్లో ఉండబుద్ధవుతోందా అని అప్పుడు మనసును అడగాలి.