చట్టం నెలలో వచ్చింది, డబ్బుకే దశాబ్దాలు పట్టింది

1933 మార్చి 10, సాయంత్రం 5 గంటల 54 నిమిషాలు. దక్షిణ కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ దగ్గర 6.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. దాదాపు 120 మంది చనిపోయారు. ఆ చుట్టుపక్కల 70 దాకా స్కూళ్లు కూలిపోయాయి, మరెన్నో పనికిరాకుండా పోయాయి. అప్పటికి పిల్లలంతా ఇళ్లకు చేరి ఉన్నారు. అదే బడివేళ అయ్యుంటే ఎంతమంది పోయేవారో ఊహించుకోవడానికే భయం వేస్తుంది.

కూలినవి చాలావరకు ఇటుక కట్టడాలు. గోడలో ఇనుప చువ్వ లేదు, ఇటుకల మధ్య సున్నం ఇసుకలాగా రాలిపోయే రకం, గోడకీ పైకప్పుకీ గట్టి పట్టు లేదు. గోడ పక్కకి ఊగితే ఇటుకలు విడిపోతాయి, కప్పు నేరుగా బెంచీల మీదికి వస్తుంది.

సరిగ్గా నెలకి, ఏప్రిల్ 10న, ఫీల్డ్ చట్టం వచ్చింది. కొత్తగా కట్టే ప్రతి ప్రభుత్వ స్కూలు ప్లాన్‌నీ రాష్ట్ర ఇంజనీర్లు చూడాలి, కడుతున్నంతకాలం సైటులో ఇన్‌స్పెక్టర్ ఉండాలి. మంచి చట్టమే. అయితే అప్పటికే నిలబడి ఉన్న వేల గదుల సంగతేమిటి?

1939లో గారిసన్ చట్టం పాత భవనాల్ని కూడా తనిఖీ చేయించమంది గానీ, పైసా ఇవ్వలేదు. తనిఖీ చేయిస్తే లోపం కాగితం మీదికి ఎక్కుతుంది, ఎక్కాక బాగుచేయాలి, దానికి డబ్బు లేదు. అందుకని స్థానిక స్కూళ్లని నడిపే చాలా బోర్డులు చూసీ చూడనట్టు ఊరుకున్నాయి. తప్పే, కాకపోతే ఖాళీ జేబుతో బోర్డు సభ్యులు మాత్రం ఏం చేస్తారు? సురక్షితం కాని భవనాల్లో తరగతులు నడిపితే సభ్యులే సొంతంగా బాధ్యులవుతారని 1966లో రాష్ట్ర అటార్నీ జనరల్ (ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి) తేల్చాక అందరికీ టెన్షన్ మొదలైంది.

వృత్తిరీత్యా ఇంజనీరైన శాసనసభ్యుడు లెరాయ్ గ్రీన్ ఆ తర్వాత రెండేళ్లలో తెచ్చిన చట్టాలు పాత స్కూళ్లకు గడువు పెట్టాయి: బాగుచేయండి, లేదా మూసేయండి. 1971లో శాన్ ఫెర్నాండో భూకంపం లాస్ ఏంజెలిస్‌లోని పాత స్కూళ్లని మళ్లీ దెబ్బతీసింది. ఆ మరుసటి ఏడు స్కూళ్ల కోసం బాండ్లకు, అంటే రాష్ట్రం అప్పు తేవడానికి, ఓటర్లు ఒప్పుకున్నారు. 1975 గడువు 1977కి జరిగినా, 1933 నాటి సమస్య మొత్తానికి ఒక కొలిక్కి వచ్చింది.

ఈలోగా ఇంకో తరం స్కూలు భవనాలు పాతబడ్డాయి. కాంక్రీటు ఎలా విరుగుతుందో 1971 నేర్పింది, నిబంధనలు కఠినమయ్యాయి. దాంతో 1978 జులైకి ముందు కట్టినవి అనుమానాల జాబితాలో పడ్డాయి. అదే 1978లో వచ్చిన 13వ ప్రతిపాదన (ఓటర్లు ఆమోదించిన చట్టం) ఆస్తి పన్నుకి కళ్లెం వేసి, స్థానిక స్కూళ్లని నడిపే స్కూల్ డిస్ట్రిక్టుల చేతులు కట్టేసింది. 1999 నాటి చట్టం ప్రకారం తీసిన లెక్క 2002లో బయటికొచ్చింది: పెద్ద భూకంపంలో సరిగ్గా నిలబడతాయని చెప్పలేని భవనాలు 7,537. ఇవన్నీ కూలతాయని కాదు, ఇంజనీరు దగ్గరికెళ్లి చూడాల్సినవని అర్థం.

2006లో 1,040 కోట్ల డాలర్ల బాండ్లలో 19.95 కోట్లు వీటికని పక్కన పెట్టారు. అర్హత నిబంధనలు ఎంత బిగించారంటే, ఏళ్లు గడిచినా అందులో చాలావరకు కదల్లేదు. డబ్బు ఉండీ ఖర్చు కాకపోవడం ఈ కథలో నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించే ఘట్టం. 2011లో పత్రికలు గోల చేశాక నిబంధనలు సడలించారు. అయినా సగం ఖర్చు డిస్ట్రిక్టే పెట్టుకోవాల్సి వచ్చింది. అంత స్తోమత లేదని నిరూపించుకుంటేనే మినహాయింపు. అంటే పేద డిస్ట్రిక్టుకి ఇంకో కట్ట కాగితాలు.

2024 నవంబర్‌లో ఓటర్లు మరో 1,000 కోట్ల డాలర్ల బాండ్లకు ఊఁ అన్నారు. కాలిఫోర్నియాలోనే మనవాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రీమాంట్ ఊరి కిందుగానే హేవర్డ్ ఫాల్ట్, అంటే భూకంపాలు పుట్టే నేల పగులు, పోతుంది. అక్కడి తల్లిదండ్రులు పిల్లల స్కూలు ఏ ఏడాది కట్టారో, ఆ 7,537లో ఉందో లేదో డిస్ట్రిక్టు ఆఫీసులో అడగవచ్చు.