ఏజెంటు ఎవరి మనిషి?

"మళ్లీ సర్వీస్ ఛార్జీ ఎందుకండీ? ఎయిర్‌లైన్స్ వాళ్లు మీకు కమీషన్ ఇస్తారుగా!" డాలస్‌లో ఉన్న కొడుకు దగ్గరికి బయల్దేరే పెద్దవాళ్లు ఏజెంటును అడిగే మాట ఇది. ఇచ్చేవాళ్లు, నిజమే. ఇప్పుడు చాలావరకు ఇవ్వడం లేదు. ట్రావెల్ ఏజెంట్ల సంఘం ఎక్కువగా కొట్లాడింది ఆ కమీషన్ కోసమే.

ట్రావెల్ ఏజెంట్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా 1951లో బొంబాయిలో పుట్టింది. పన్నెండు మంది ఏజెంట్లు కలిసి పెట్టుకున్నారు. అప్పటికి విమాన సంస్థలు చాలా ఉండేవి. హైదరాబాద్‌కే నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి నడిపిన దక్కన్ ఎయిర్‌వేస్ ఉండేది. 1953లో జాతీయం చేసినప్పుడు అది కూడా ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఇంటర్నెట్ లేని ఆ రోజుల్లో, వెనక ఎర్ర కార్బన్ పూసిన టికెట్ల కట్ట ఎవరి దగ్గరుంటే వాళ్లే ఏజెంట్లు. కమీషన్ ఇచ్చేది ఎయిర్‌లైన్. ప్రయాణికుడు మాత్రం 'మా ఏజెంటు' అనుకునేవాడు. ఇద్దరికీ మనిషిగా ఉండటం అప్పట్లో ఇబ్బందనిపించలేదు.

విదేశీ టికెట్ మీద నూటికి తొమ్మిది రూపాయలుండే కమీషన్ 2000 తర్వాత ఏడుకు, ఆపైన ఐదుకు దిగింది. ఈ కోత ఇక్కడ మొదలైంది కాదు. అమెరికాలో డెల్టా 1995లోనే దేశీయ టికెట్‌కు 50 డాలర్లకు మించి ఇవ్వనంది, 2002లో అసలుకే ఎసరు పెట్టింది. అక్కడి సంఘం 2018లో పేరులోంచి 'ఏజెంట్స్' తీసేసి 'అడ్వైజర్స్' అని పెట్టుకుంది. మన సంఘం పాత పేరుతోనే ఉంది.

మనకు ఆ ముహూర్తం 2008లో వచ్చింది. మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచారు. జూన్ నుంచి కాగితం టికెట్లు పోయి ఈ-టికెట్లే మిగిలాయి. జులైలో పీపా చమురు 147 డాలర్లు తాకింది. నవంబర్ నుంచి కమీషన్ సున్నా అని ఎయిర్‌లైన్స్ ప్రకటించాయి. టికెట్ల కట్ట చేజారిన ఏడాదే కూలీ కూడా పోయింది.

ఏజెంట్లు ఊరుకోలేదు. మూడు ఏజెంట్ల సంఘాలు కలిసి, కమీషన్ ఆపిన సింగపూర్ ఎయిర్‌లైన్స్ టికెట్లు అమ్మవద్దని పిలుపిచ్చాయి. బహిష్కరణను పక్కనపెట్టి అమ్మిన ఒక సభ్య సంస్థ సస్పెండ్ అయింది. ఆ సంస్థ, వ్యాపారాల్లో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్‌కు వెళ్లింది. 2011లో కమిషన్ ఆ మూడు సంఘాలకు తలా లక్ష రూపాయల జరిమానా వేసింది. జరిమానా చిన్నదే, దెబ్బ మాత్రం పెద్దది. కూలీ కోసం కార్మికులు పని ఆపితే సమ్మె. వ్యాపారులు కూడబలుక్కుని సరుకు అమ్మకపోతే చట్టం దృష్టిలో అది పోటీని చంపడం. సంఘం తనను కార్మిక సంఘంలా ఊహించుకుంది. కమిషన్‌కు మాత్రం వ్యాపారుల కూటమిలా కనిపించింది. నా లెక్కలో కమిషన్ చెప్పిందే సబబు, ఏజెంట్ల కడుపుమంట కూడా న్యాయమే.

అంతకుముందే, 2010 మార్చిలో, పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ ఏజెంట్ల వైపు మాట్లాడింది. ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లో టారిఫ్ (టికెట్ ధర) అంటే ఏజెంటు కమీషన్ కూడా కలిపే కాబట్టి, ఇవ్వాలంది. ఎంత ఇవ్వాలో ఎవరూ తేల్చలేదు. అలా సర్వీస్ ఛార్జీయే బతుకుతెరువైంది.

మన జిల్లాల్లో దీనికి తోడు ఇంకో చిక్కు. జగిత్యాలలోనో కోనసీమలోనో 'ఏజెంటు' అంటే గల్ఫ్‌కు పంపేవాడని అర్థం. ఆ పనికి 1983 వలస చట్టం కింద వేరే లైసెన్సు ఉండాలి. టికెట్ అమ్మేవాడు వేరు, ఉద్యోగం ఇప్పించేవాడు వేరు. ఒకరి పాపం మరొకరికి చుట్టుకుంటుంది.

విమాన సంస్థలు మూతపడినప్పుడు అసలు గుట్టు బయటపడుతుంది. 2023 మే 2న గో ఫస్ట్ దివాలా పిటిషన్ వేసింది, మర్నాడే విమానాలు ఆగిపోయాయి. టికెట్లు తీయడానికి ఏజెంట్లు ముందుగానే ఆ సంస్థ వాలెట్‌లో వేసుకున్న డబ్బు అందులోనే చిక్కుకుంది. ప్రయాణికులు వచ్చి నిలదీసింది మాత్రం ఏజెంటునే. ఎయిర్‌లైన్ లెక్కల్లో అతనూ బాకీ రావాల్సినవాళ్లలో ఒకడే, బ్యాంకుల వెనక వరసలో.