ఇకాలుయిట్ నుంచి నూక్: దూరం 820 కిలోమీటర్లు, ప్రయాణం 8 వేల కిలోమీటర్లు

కెనడాలోని నునావుట్ రాజధాని ఇకాలుయిట్, గ్రీన్‌లాండ్ రాజధాని నూక్ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. మధ్యలో బాఫిన్ దీవి కొండలు, డేవిస్ జలసంధి. గాలిలో దూరం సుమారు 820 కిలోమీటర్లు. చిన్న డాష్-8 విమానం నేరుగా వెళితే రెండు గంటల ప్రయాణం. నేరుగా విమానం లేని రోజుల్లో మాత్రం ఒట్టావా, టొరంటో, ఐస్‌లాండ్ రాజధాని రేక్జావిక్ మీదుగా దాదాపు 8 వేల కిలోమీటర్లు తిరగాలి. మధ్యలో ఒకటి రెండు రాత్రులు హోటల్లో గడపాలి. రెండు ఊళ్లలో దేనికీ బయటి ఊళ్లతో రోడ్డు లేదు కాబట్టి వేరే దారి వెతుక్కునే అవకాశమూ ఉండదు.

ఇంత తేడా ఎందుకొచ్చిందో తెలియాలంటే రెండో ప్రపంచ యుద్ధం దాకా వెళ్లాలి. అమెరికా తన విమానాలను బ్రిటన్‌కు చేరవేయడానికి ఉత్తరాన వరసగా మజిలీలు కట్టుకుంది. 1941లో గ్రీన్‌లాండ్‌లోని కాంగెర్లుస్సువాక్, 1942లో నేటి ఇకాలుయిట్ అలా మొదలైనవే. అంటే ఈ రన్‌వేలు పుట్టిందే పడమటి నుంచి తూర్పుకు వెళ్లడానికి. యుద్ధం ముగిశాక ఆ దారి స్థానిక ఇన్యూట్ ప్రజలకు మిగల్లేదు. ఆఫీసులు, ఆస్పత్రులు, సరుకులు అన్నిటికీ ఒకరు ఒట్టావా, మాంట్రియల్ వైపు, మరొకరు గ్రీన్‌లాండ్‌ను పాలించిన డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగెన్ వైపు చూడాల్సి వచ్చింది. విమానాలూ అటే తిరిగాయి. దగ్గరి భాషలు మాట్లాడే, జలసంధికి అటూ ఇటూ ఉన్న ఒకే జాతి మనుషులను విడదీసింది సముద్రం కంటే ఈ పాలనే అని నా నమ్మకం.

నూక్ విమానాశ్రయం 1979లో వచ్చింది. రన్‌వే పొడవు కిలోమీటరు కూడా లేకపోవడంతో పెద్ద జెట్‌లు దిగలేకపోయేవి. కోపెన్‌హేగెన్ నుంచి వచ్చేవాళ్లు కాంగెర్లుస్సువాక్‌లో విమానం మారేవారు. ఇకాలుయిట్‌కు నేరు సర్వీస్ 1980లలో కెనడా విమాన సంస్థ ఫస్ట్ ఎయిర్ నడిపింది, 2000ల మొదట్లో అది ఆగిపోయింది. 2012లో ఎయిర్ గ్రీన్‌లాండ్ వేసవి సర్వీస్ మొదలుపెట్టి కొద్ది సీజన్లకే మానేసింది. కారణం కంటికి కనబడేదే. 2021 జనగణన ప్రకారం ఇకాలుయిట్ జనాభా ఏడున్నర వేల లోపు, నూక్‌లో ఇరవై వేలకు అటూ ఇటూ. సీట్లు నిండవు, టికెట్ ధర దిగదు.

2024 వేసవిలో కెనడియన్ నార్త్ సహకారంతో ఎయిర్ గ్రీన్‌లాండ్ వారానికో సర్వీస్ మళ్లీ వేసింది. ఇక్కడ గడియారం చూసి ప్రయాణ సమయం లెక్కగడితే తికమక తప్పదు. వేసవిలో నూక్ టైమ్ మూడు గంటలు ముందుంటుంది. నూక్‌లో మధ్యాహ్నం పన్నెండింటికి బయల్దేరితే ఇకాలుయిట్‌లో దిగేసరికి అక్కడ ఇంకా పదకొండే అవుతుంది. తిరుగు ప్రయాణానికి గడియారం ఐదు గంటలు చూపిస్తుంది, గాలిలో ఉండేది మాత్రం రెండు గంటలే.

2024 నవంబర్‌లో నూక్‌లో 2,200 మీటర్ల కొత్త రన్‌వే తెరిచారు. కోపెన్‌హేగెన్‌కు పెద్ద జెట్‌లు నేరుగా వెళుతున్నాయి. 2025 జూన్‌లో న్యూయార్క్ పక్కనున్న నెవార్క్ నుంచీ విమానం వచ్చింది. డాష్-8లకు పాత రన్‌వే ఎప్పుడూ సరిపోయింది కాబట్టి ఇకాలుయిట్ దారికి ఈ పొడవుతో పనిలేదు. దానికి కావలసింది రెండు ప్రభుత్వాలూ కలిసి ఖాళీ సీట్ల ఖర్చు భరించడం.