రబ్బరు కప్లింగే కదా అనుకుంటే బేరింగులు పోతాయి: అపోహలు - వాస్తవాలు

ఈ నెలలోనే ముగ్గురు ఫోన్ చేశారు. ముగ్గురిదీ ఒకటే మాట: "కప్లింగ్ బుష్‌లు పట్టుమని పదిహేను రోజులు రావడం లేదు, మంచి కంపెనీవి ఏవో చెప్పండి." ఇంజన్ షాఫ్టును పంపు షాఫ్టుకు కలిపేది కప్లింగ్, దాని మధ్యలో ఉండే రబ్బరు ముక్కలే ఈ బుష్‌లు. బుష్‌ల తప్పేమీ లేదండీ.

అపోహ: కప్లింగ్‌లో రబ్బరు ఉంది కాబట్టి షాఫ్టులు కాస్త అటూ ఇటూ ఉన్నా అదే సర్దుకుంటుంది.

వాస్తవం: రబ్బరు సర్దుకుంటుంది, బేరింగ్ సర్దుకోదు. రెండు షాఫ్టులూ ఒకే గీతలో లేకపోతే తిరిగిన ప్రతి చుట్టుకూ రబ్బరు నలుగుతుంది, నలుగుతూ షాఫ్టును పక్కకు తోస్తుంది. 1500 ఆర్‌పీఎం అంటే గంటకు 90 వేల చుట్లు. ఆ తోపునంతా మోసేది పంపు బేరింగ్, సీల్, ఇంజన్ వైపు క్రాంక్ (ఇంజన్ ప్రధాన షాఫ్టు) చివరి బేరింగ్. క్యాటలాగ్‌లో రాసిన హద్దు కప్లింగ్ ఎంతవరకు తట్టుకుంటుందో మాత్రమే చెబుతుంది. ఈ స్పీడుకి నేనైతే పక్క తేడా 0.1 మిల్లీమీటరు దాటనివ్వను. డయల్ గేజ్‌తో (సన్నటి తేడాను ముల్లుతో చూపే కొలత పరికరం) చూసేవాళ్లకు ఒక మాట: హబ్ (షాఫ్టు మీద ఎక్కించే కప్లింగ్ సగం) అంచు మీద పూర్తి చుట్టు తిప్పినప్పుడు ముల్లు 0.2 చూపిస్తే అసలు తేడా అందులో సగమే. ఇది తెలియక రెట్టింపు షిమ్‌లు (కాళ్ల కింద పెట్టే పల్చటి రేకులు) వేసి ఉన్నది చెడగొట్టినవాళ్లను చూశాను.

రెండేళ్ల క్రితం ఎండాకాలంలో ఆకివీడు వైపు ఒక రొయ్యల చెరువుకు వెళ్లాను. అప్పటికే మూడు సెట్ల బుష్‌లు మార్చారు. ఎవరో వచ్చి క్రాంక్ వంగిందని, ఇంజన్ మొత్తం దింపాలని చెప్పిపోయారట. చూడకుండా ఇలాంటి మాటలు ఎలా అంటారో నాకు అర్థం కాదు. నీళ్లు మార్చలేక ఆ రైతుకు రెండు రాత్రులుగా నిద్ర లేదు. "ఏమయ్యా, క్రాంక్ పోయినట్టేనా?" అని అడుగుతుంటే గొంతు వణికింది. కప్లింగ్ కింద నల్లటి రబ్బరు పొడి రాలి ఉంది. "తొందరపడకు బాబాయ్" అని చెప్పి, కప్లింగ్ మీద డయల్ పెట్టి సక్షన్ ఫ్లాంజ్ (నీళ్లు లాగే పైపు పంపుకు కలిసే చోటు) బోల్టులు వదులు చేశాను. ముల్లు 0.4 జరిగింది. సక్షన్ పైపు బరువంతా, లోపలి నీళ్లతో సహా, పంపుకే వేలాడుతోంది. కింద ఒక్క సపోర్టు లేదు.

పైపు కింద సపోర్టు పెట్టి, బోల్టులతో లాగకుండానే ఫ్లాంజ్‌లు కలిసేలా చేశాం. తర్వాత సాఫ్ట్ ఫుట్, అంటే ఏదైనా కాలు బేస్ మీద సమంగా ఆనడం లేదా అని చూశాను. ఒక్కో బోల్టు వదులు చేస్తుంటే పంపు కాలు ఒకటి పైకి లేచింది, దాని కింద షిమ్ వేశాను. అలైన్‌మెంట్ చేసి, అంటే రెండు షాఫ్టులనూ ఒకే గీతలోకి తెచ్చి, పైపు బిగించాక మళ్లీ చెక్ చేశాను. ఒక పూట పని. క్రాంక్‌ను ఎవరూ ముట్టుకోలేదు, ఆ బుష్‌లు సీజనంతా వచ్చాయి.

ఇక మిగతావి. "కంపెనీలోనే అలైన్ చేసి పంపారు" అంటారు. నిజమే, కానీ లారీ కుదుపులకు, ఫౌండేషన్ బోల్టులు బిగించినప్పుడు బేస్ మెలితిరిగి అదంతా మారిపోతుంది. బిగించాక మళ్లీ చూడాల్సిందే.

"చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా ఉంది కదా" అనేది ఇంకొకటి. పాదాల నుంచి క్రాంక్ సెంటర్‌కు 400 మిల్లీమీటర్లు ఉన్న ఇంజన్ 50 డిగ్రీలు వేడెక్కితే సెంటర్ సుమారు 0.2 మిల్లీమీటరు పైకి లేస్తుంది. అందుకే ఇంజన్‌ను ముందే అంత కిందకు ఉంచుతాం. లోడు మీద నడిపి, ఆపిన వెంటనే వేడి మీద ఇంకోసారి చూస్తాం.

హబ్‌ను సుత్తితో కొట్టి ఎక్కించకండి, బేరింగ్ లోపల గుంటలు పడతాయి. వేడి చేస్తే దానంతట అదే జారుతుంది.

బుష్‌లు మాటిమాటికీ మార్చే చోట నేను గమనించింది ఒకటుంది. ఎలాగూ మళ్లీ విప్పాలి కదా అని గార్డు (తిరిగే కప్లింగ్‌లో బట్టలు చిక్కుకోకుండా పెట్టే మూత) తిరిగి పెట్టరు. ఆ చెరువు దగ్గర కూడా అది షెడ్డు గోడకు వేలాడుతోంది. లుంగీ కట్టుకున్న పిల్లాడు పక్కనే నిలబడి డీజిల్ పోస్తున్నాడు. గార్డు నాలుగు బోల్టులూ నేనే బిగించాకే ఇంజన్ స్టార్ట్ చేయనిచ్చాను.